ఇస్పేటు, ఆఠీను, కళావరు, తురుపు: ఈ మాటలు మనకు ఎక్కడివి?

ధర్మవరం తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. వాళ్ళ అబ్బ (తాత) పేకాడేటప్పుడు ఇస్పేటు, ఆఠీను, కళావరు, తురుపు, గులాం అంటుంటాడు. ఫోన్లో స్పేడ్స్, హార్ట్స్ చూసి పెరిగిన తనకు ఆ మాటలు ఎక్కడివో తెలియడం లేదు. ఇంట్లో మగ్గం ఉంది కాబట్టి పడుగూ పేకా తెలుసు. మరి పేకాటలో పేక కూడా ఆ మగ్గం పేకేనా? 'కళావరు' సంస్కృతం, కళలకు వరం లాంటిది అని ఒక వీడియోలో విన్నాడట, నిజమేనా? ఇంకొకటి, కొన్ని ఆటల్లో గులాం వచ్చి రాజును కొట్టేస్తుందే, అదెట్లా కుదిరింది?

ముందు సూటిగా చెప్పేస్తాను. కళావరు (క్లబ్స్), ఆఠీను (హార్ట్స్), తురుపు, ఈ మూడూ డచ్చి మాటలు, అంటే హాలండ్ వాళ్ళవి. సంస్కృతానికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. ఇస్పేటు (స్పేడ్స్) వెనక ఉన్నది యూరపు కత్తి. గులాం, అంటే జాకీ ముక్క, ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట. పేకాటలో పేక మగ్గం పేక కాదు, అది ఇంగ్లీషు 'ప్యాక్' అని నా గట్టి నమ్మకం. ఎందుకో వరసగా చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

నేను కర్నూలు జిల్లాలో, ఎక్కువగా ఆదోని చుట్టుపక్కల, ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆదోనిలో ఒకే అరుగు మీద తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినపడతాయి. పెళ్ళి విడిదిలో కానీ, పత్తి అమ్ముకోవడానికి వచ్చి మార్కెట్ యార్డులో కాచుకున్న రైతుల మధ్య కానీ, ఎక్కడ నలుగురు దుప్పటి పరిచినా నేనూ కూర్చునేవాణ్ణి. ఆడేది కొంత, వినేది ఎక్కువ. విన్న మాటను, అన్న మనిషి ఊరితో సహా నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఇక్కడ చెప్పేదంతా ఆ నోటుబుక్కుల పుణ్యమే.

కళావరుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ వీడియో చెప్పిన తప్పే నేనూ ఒకప్పుడు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో 'కళా' కనపడగానే సంస్కృతం అనుకుని, క్లాసులో పిల్లలకు అట్లాగే చెప్పాను. తెలుగు చెప్పేవాళ్ళకు ఈ జబ్బు తొందరగా పట్టుకుంటుంది. మాట చెవికి ఇంపుగా ఉంటే చాలు, దాన్ని రెండు ముక్కలు చేసి సంధి విడదీసి అర్థం చెప్పేస్తాం. అట్లా విడదీసే ముందు ఒక్కసారి ముక్క మీద బొమ్మ చూడాలి. కళావరు ముక్క మీద ఏముంది? మూడు రేకుల ఆకు, కింద చిన్న కాడ. మన పొలం గట్ల మీద మొలిచే పులిచింతాకు లాంటి ఆకు. డచ్చి భాషలో పశువులకు వేసే ఒక రకం మూడాకుల గడ్డిని 'క్లావర్' అంటారు. పేకలో ఆ రంగుకు కూడా వాళ్ళ పేరు అదే (పేకాటలో రంగు అంటే ఒకే బొమ్మ ఉన్న ముక్కల జాతి). మన నోటికి మాట మొదట్లో 'క్ల' పలకడం కష్టం కాబట్టి మధ్యలో అచ్చు చేర్చాం, చివర మన అలవాటు ప్రకారం ఉకారం పెట్టాం. క్లావర్ కాస్తా కళావరు అయింది. ఇంగ్లీషు 'క్లబ్' నుంచి వచ్చి ఉంటే అది 'క్లబ్బు' అయ్యేది, 'వరు' ఎక్కడినుంచీ వచ్చేది కాదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఇంగ్లీషులో 'క్లబ్' అంటే దుడ్డుకర్ర. బొమ్మేమో ఆకు. ఎందుకిట్లా? ఇప్పుడు మనం వాడే నాలుగు బొమ్మలు 15వ శతాబ్దంలో ఫ్రాన్సులో స్థిరపడ్డాయి. గుండెకాయ, పలక, మూడాకు, ఈటె మొన. వాటికి ముందు స్పెయిన్, ఇటలీ ముక్కల మీద గిన్నెలు, నాణేలు, కర్రలు, కత్తులు ఉండేవి. ఇంగ్లీషువాళ్ళు బొమ్మలు ఫ్రెంచివి తీసుకుని, రెండు రంగులకు పేర్లు మాత్రం పాతవే ఉంచుకున్నారు. అందుకే వాళ్ళ దగ్గర ఆకును చూసి కర్ర అంటారు. డచ్చివాళ్ళు బొమ్మను చూసి ఆకు అన్నారు. అంటే మీ అబ్బ అనే కళావరు, ఫోన్లో కనపడే క్లబ్ కంటే బొమ్మకు దగ్గరి పేరు.

ఆఠీను సంగతి నాకు తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది. కొందరు ఆటీను అని కూడా రాస్తారు. నా మొదటి నోటుబుక్కులో దాని పక్కన 'ఆట నుంచి?' అని రాసుకుని ఉంది. ఒకసారి తమిళనాడు నుంచి మా స్నేహితుడి ఇంటికి చుట్టాలు వచ్చారు. రాత్రి భోజనాలయ్యాక నలుగురం కూర్చున్నాం. అందులో ఒకాయన ముక్క వేస్తూ 'ఆర్టిన్' అన్నాడు. నేను ఆట ఆపి మళ్ళీ అనమన్నాను. "ఆర్టిన్ సార్, ఆర్టిన్ రాణి" అన్నాడు. ఆ 'ర్' వినగానే నాకు దారి దొరికింది. డచ్చిలో గుండెను 'హార్ట్' అనే అంటారు, పేకలో రంగు పేరు బహువచనంలో 'హార్టెన్'. ముందున్న 'హ' మన నోట్లో జారిపోయింది. తమిళంలో 'ర్' మిగిలింది, తెలుగులో అదీ పోయింది. చివరి 'ఎన్' మాత్రం రెండు చోట్లా 'ఇన్', 'ఈను' అయి నిలబడింది. ఆ చివరి 'ను' ఒక్కటే పెద్ద సాక్ష్యం. ఇంగ్లీషు హార్ట్స్ నుంచి వచ్చి ఉంటే చివర సకారం ఉండాలి, నకారం కాదు.

శ్రీలంకలో సింహళం మాట్లాడేవాళ్ళు ఆఠీనును 'హార్త' అనీ, కళావరును 'కలాబర' అనీ అంటారు. ఆ దీవి తీరమంతా నూరేళ్ళకు పైగా డచ్చివాళ్ళ చేతిలో ఉండింది. మన మాట ఎవరిదో తేలనప్పుడు పక్కింటి భాషల్లో అదే మాట ఎట్లా ఉందో చూడటం మంచి పద్ధతి. ఒక్క తెలుగునే పట్టుకుని కూర్చుంటే నాలాగా 'ఆట నుంచి?' అని రాసుకోవాల్సి వస్తుంది.

ఇక తురుపు. ఈ మాటంటే నాకు చాలా ఇష్టం. రాజకీయాల వార్తల్లో 'తురుపు ముక్క' రోజూ చదువుతాం, కానీ అది ఏ ఆటలోదో తెలియనివాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. రమ్మీలో తురుపు ఉండదు కదా. నాలుగు రంగుల్లో ఒక రంగును ఆ ఆటకు పెద్దగా ఎంచుకుంటారు. అప్పుడు ఆ రంగులోని రెండు అంకె ముక్క కూడా మిగతా రంగుల ఆసును (ఏస్‌ను) కొడుతుంది. ఆ రంగు తురుపు. డచ్చిలో ఆ రంగును 'ట్రూఫ్' అంటారు. 'ట్రూ' మన నోట్లో 'తురు' అయింది. చివరి 'ఫ' పల్లెల్లో కాఫీ కాపీ అయినట్టే 'ప' అయింది. కన్నడంలో ఇప్పటికీ 'తురుఫు' అని ఫకారంతోనే అంటారు, హిందీలో 'తురుప్' అంటారు. ఇంగ్లీషు ట్రంప్ నుంచి రాలేదని ఎట్లా చెప్పగలం? మధ్యలో ఉన్న మకారాన్ని చూడండి. మన భాషకు 'ంప' పలకడం కష్టమేమీ కాదు. కొంప, గంప, దుంప అంటాం. ట్రంప్ వచ్చి ఉంటే 'తురుంపు' అయి నిలబడేది.

ట్రంప్ అయినా ట్రూఫ్ అయినా మూలం ఒకటే. 15వ శతాబ్దం ఇటలీలో మామూలు ముక్కలకు తోడు, అన్నిటినీ కొట్టే ప్రత్యేకమైన బొమ్మల ముక్కలు కలిపి ఆడేవారు. వాటిని 'త్రియోంఫి' అన్నారు, అంటే విజయాలు. దాని వెనక రోమన్ సేనాని గెలిచి వచ్చినప్పుడు జరిపే ఊరేగింపు పేరు ఉంది. ఆ లాటిన్ మాట ఇటలీ, ఫ్రాన్సు, హాలండ్ దాటి, ఓడెక్కి కోరమాండల్ తీరంలో దిగి, చివరికి మా ఆదోని అరుగు మీద "తురుపు ఏంది రా?" అయి కూర్చుంది. ఈ ప్రయాణం తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

"డచ్చివాళ్ళు రాయలసీమకు ఎప్పుడొచ్చారు సార్?" అని మీరు అడగబోతారని తెలుసు. వాళ్ళు ఇక్కడికి రావాల్సిన పనిలేదు. 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టారు. పులికాట్‌లో 1613లో కోట కట్టారు. భీమునిపట్నం, పాలకొల్లు లాంటి చోట్ల కూడా ఉన్నారు. 1825లో ఈ తీరంలోని తమ స్థావరాలను ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిపోయేదాకా రెండు వందల ఏళ్ళు ఉన్నట్టే. పాత తెలుగులో వాళ్ళను వలందులు అనేవారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. వాళ్ళు ఇక్కడ ముఖ్యంగా కొన్నది బట్ట. ఓడరేవులో దుబాసీ (మాటలు అనువదించేవాడు), బట్ట కొనిపెట్టే దళారీ, మూటలు మోసే బండివాడు, కాపలా సిపాయి, వీళ్ళందరికీ ఖాళీ సమయం ఉంటుంది. ఆట నేర్పినవాడి నోట్లో ఉన్న పేర్లే నేర్చుకున్నవాడికి వస్తాయి. వాడు ఇంకో ఊరికి పోయి ఇంకొకరికి నేర్పుతాడు. పాఠ్యపుస్తకం లేకుండా, ఒక్క అక్షరం రాయకుండా మాటలు ఇంత దూరం నడిచింది అట్లానే. 1800లో మన దత్తమండలాలు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చేనాటికి, ఆ తర్వాత 1839లో కర్నూలు నవాబు పాలన పోయేనాటికి, ఇంగ్లీషు పేర్లు వచ్చి చేరాల్సిన చోట ఈ డచ్చి పేర్లు అప్పటికే కూర్చుని ఉన్నాయని నా అంచనా. అందుకే అవి కదల్లేదు.

ఇస్పేటు మాత్రం డచ్చి కాదు. డచ్చివాళ్ళు ఆ రంగును పారలు అనే అర్థంలో 'స్ఖోపెన్' అంటారు. సింహళంలో అది 'ఇస్కోప్ప' అయింది. మనది ఇస్కోప్పు కాలేదు, ఇస్పేటు అయింది. స్కూలు ఇస్కూలైనట్టు 'స్పేడ్' ముందు ఇకారం చేరింది. స్పేడ్ అంటే పార కదా అంటారేమో. ఇంగ్లీషు తోటలో పార వేరు, పేకలో స్పేడ్ వేరు. పేకలో స్పేడ్ అనేది ఇటలీ 'స్పాదా', స్పెయిన్, పోర్చుగల్ 'ఎస్పాదా' నుంచి వచ్చింది. వాటి అర్థం కత్తి. నేను పైన చెప్పిన పాత కత్తుల రంగు ఇదే. కాబట్టి ఇస్పేటు రాజు చేతిలో ఉన్నది పార కాదు, కత్తే.

ఈ ఇస్పేటుతో ఒకసారి చిన్న చిక్కు వచ్చింది. కర్ణాటకలోని సిరుగుప్ప నుంచి ఒక పెళ్ళికి వచ్చిన పెద్దమనిషి రాత్రి మా దగ్గర కూర్చుని "ఇస్పీటు ఉందా?" అన్నాడు. మావాడు ఒకడు, అప్పుడే ముక్కలు పంచుకుని చేతిలో పట్టుకున్నవాడు, "నా చేతిలో ఏముందో నీకెందుకు చెప్పాలప్పా?" అని గట్టిగా అన్నాడు. పాపం ఆయన ముఖం చిన్నబోయింది. కన్నడంలో ఇస్పీటు అంటే ఒక రంగు కాదు, మొత్తం పేక. పేకముక్కను 'ఇస్పీటు ఎలె' అంటారు, ఎలె అంటే ఆకు. ఆయన అడిగింది ఇంకో పేక ఉంటే మేమూ ఇంకో పక్క ఆడుకుంటాం అని. విషయం తెలిశాక మావాడే లేచి పోయి ఇంకో పేక తెచ్చిచ్చాడు. అనంతపురం జిల్లాలో బళ్ళారి వైపు ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఈ తేడా తెలిసే ఉంటుంది.

నాలుగో రంగు డైమను. ఇది మాత్రం నేరుగా ఇంగ్లీషే, చివరి డకారం మింగేశాం. డచ్చి పేరు 'రౌటెన్', అంటే కిటికీ అద్దం పలకలు. సింహళంలో 'రువిత'గా అది బతికే ఉంది. ఇదే బొమ్మను ఫ్రెంచివాళ్ళు నేల మీద పరిచే పలక అన్నారు, ఉర్దూవాళ్ళు 'ఈంట్' అన్నారు, అంటే ఇటుక. ఎవరి ఇంట్లో ఏది కనపడితే ఆ పేరు పెట్టుకున్నారు.

ఉర్దూ పేర్లు మన సీమలో తప్పకుండా తెలుసుకోవాల్సినవి. కర్నూలు పాతబస్తీలో, ఆదోనిలో, కడపలో ముస్లిముల ఇళ్ళలో ఇస్పేటును హుకుం అంటారు, ఆఠీనును పాన్ అంటారు, డైమనును ఈంట్, కళావరును చిడీ. పాన్ అంటే తమలపాకే. ఆఠీను బొమ్మను ఒకసారి తలకిందులు చేసి చూడండి, కాడ తుంచిన తమలపాకులా ఉంటుంది. చిడీ అంటే పిట్ట. హుకుం అంటే ఆజ్ఞ.

ఈ హుకుంతో జాగ్రత్త. ఇరాన్‌లో ఇదే మాటను తురుపుకు వాడతారు. మన దగ్గర కూడా కొందరు హుకుం అంటే తురుపు అనుకుంటారు, కొందరు ఇస్పేటు అనుకుంటారు. ఒకసారి నా జతగాడు, మా వీధిలో టైలరు, తురుపు ఎంచుకోమంటే "హుకుం" అన్నాడు. ఎదుటివాడు "సరే, హుకుం ఏ రంగు?" అన్నాడు. "హుకుమే!" "అదే, ఏ రంగు హుకుం?" ఇట్లా నాలుగుసార్లు జరిగి, చివరికి టైలరు ఇస్పేటు రెండు తీసి దుప్పటి మీద పెట్టి చూపించాడు. కొత్తవాళ్ళతో ఆడేటప్పుడు మొదటి పంపకానికి ముందే ఈ ఒక్క మాట తేల్చుకోవడం మంచిది. తురుపు ఆటల్లో జరిగే గొడవల్లో సగం లెక్కల గొడవలు కావు, మాటల గొడవలు.

గులాం దగ్గరికి వద్దాం. గులాం అంటే సేవకుడు, బానిస. ఇంగ్లీషులో ఈ ముక్కకు పాత పేరు 'నేవ్', దానర్థమూ పనికుర్రాడే. ఫ్రెంచిలో 'వాలే', నౌకరు. అందరూ ఒకటే అన్నారు. మరి జాకీ ఎక్కడినుంచి? 19వ శతాబ్దంలో ముక్కల మూలల్లో అక్షరాలు అచ్చు వేయడం మొదలయ్యాక, కింగ్‌కూ నేవ్‌కూ ఇంగ్లీషులో మొదటి అక్షరం ఒకటే కావడంతో తికమక వచ్చింది. దాంతో అప్పటిదాకా వాడుకలో తక్కువ స్థాయి పేరుగా ఉన్న 'జాక్'ను అచ్చుకెక్కించారు. మనం దాన్ని జాకీ చేసుకున్నాం. మీ అబ్బ గులాం అంటున్నాడంటే, ఆయనకు ఆట నేర్పినవాళ్ళలో ఉర్దూ తెలిసినవాళ్ళు ఉన్నారని నేను పందెం లేకుండా చెప్పగలను.

గులాం అనే మాట మన దేశపు పాత ముక్కల్లోనూ ఉంది, కానీ ఇంకో చోట. యూరపు ముక్కలు రాకముందు ఇక్కడ గంజిఫా ఉండేది. గుండ్రటి ముక్కలు, చేత్తో వేసిన బొమ్మలు. బాబరు తన ఆత్మకథలో 1527లో సింధులోని ఒక పాలకుడికి గంజిఫా పంపినట్టు రాసుకున్నాడు. మొగలు గంజిఫాలో ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 96 ముక్కలు. ఆ ఎనిమిది రంగుల్లో ఒకదాని పేరే గులాం. అక్కడ గులాం ఒక ముక్క కాదు, మొత్తం ఒక రంగు. దశావతార గంజిఫాలో పది రంగులు, 120 ముక్కలు. తెలంగాణలో నిర్మల్ చిత్రకారులు కూడా ఈ ముక్కలు చేసేవారు. ఇంకో సంగతి, గంజిఫాలో రాజు, వజీరు మాత్రమే, రాణి లేదు. యూరపుకు ముక్కలు 14వ శతాబ్దం చివర్లో చేరింది ఈజిప్టును ఏలిన మామ్లూకుల నుంచి. వాళ్ళ ముక్కల్లో కూడా రాజు, ఆయన నాయబు (కింది అధికారి), రెండో నాయబు ఉండేవారు తప్ప రాణి లేదు. స్పెయిన్‌లో పేకముక్కలను ఇప్పటికీ 'నైపెస్' అంటారు. అది మన తాలూకాఫీసు నాయబు తహసీల్దారులోని నాయబే. రాణి యూరపులో వచ్చి చేరింది.

రాజును గులాం కొట్టడం గురించి అడిగారు. మీ అబ్బ ఆడేది 'ఇరవై ఎనిమిది' అయి ఉండాలి. అందులో గులాంకు 3, తొమ్మిదికి 2, ఆసుకు 1, పదికి 1. రంగుకు ఏడు, నాలుగు రంగులకు ఇరవై ఎనిమిది, అందుకే ఆ పేరు. రాజుకూ రాణికీ అందులో విలువ సున్నా. ఇది మనవాళ్ళు సరదాకు తలకిందులు చేసింది కాదు. హాలండ్‌లో పుట్టిన 'యాస్' అనే ఆటల కుటుంబంలో తురుపు రంగులో గులాం అన్నిటికంటే పెద్దది, దాని తర్వాత తొమ్మిది. అక్కడివాళ్ళు ఇప్పటికీ ఆడే ఆట పేరు 'క్లావర్‌యాస్', అంటే అచ్చంగా 'కళావరు గులాం'! ఇరవై ఎనిమిది లాంటి మన దక్షిణాది ఆటలు ఆ కుటుంబానివే అని పేకాటల చరిత్ర రాసేవాళ్ళు అంటారు. కాబట్టి డచ్చివాళ్ళ దగ్గర మనం తీసుకున్నది పేర్లు మాత్రమే కాదు, ముక్కల పెద్దరికం కూడా.

ఇప్పుడు మీ మగ్గం ప్రశ్న. ఈ ప్రశ్న చదివి నాకు నిజంగా సంతోషమేసింది, ఎందుకంటే ఇది గాలి మాట కాదు, ఇంట్లో వినే మాటల మీద పుట్టిన అనుమానం. పడుగు, పేక రెండూ పాత తెలుగు మాటలు. పడుగు నిలువు పోగు, పేక అడ్డం పోగు. ఇంకా విచిత్రం, 'ఆసు' కూడా నేతలో ఉంది. నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి పోయడాన్ని ఆసు పోయడం అంటారు. పోచంపల్లి వైపు నేతలో ఇది పెద్ద పని. పేకాటలోనూ పేక ఉంది, ఆసు ఉంది. రెండు మాటలు రెండు చోట్లా కలిసేసరికి ఎవరికైనా ఇది సాలెవాళ్ళ ఆటేమో అనిపిస్తుంది. కానీ ధ్వని కలిసినంత మాత్రాన మాట ఒకటి కాదు.

పేకాట ఆసు యూరపు 'ఆస్'. లాటిన్‌లో అది ఒక రోమన్ నాణెం పేరు, ఒకటి అనే అర్థం. పోర్చుగీసు, డచ్చి, ఫ్రెంచి మూడింటిలోనూ 'ఆ' ధ్వనే ఉంటుంది. ఇంగ్లీషులో మాత్రమే 'ఏస్'. మనది ఏసు కాలేదు కాబట్టి ఇది కూడా ఇంగ్లీషుకు ముందే దిగింది. ఇక పేకకు నా ఆధారం 'చీట్లపేక' అనే మాట. ఇప్పటివాళ్ళు అనరు కానీ పెద్దవాళ్ళ నోట విన్నాను, పాత పుస్తకాల్లోనూ కనపడుతుంది. చీట్లు అంటే ముక్కలు. తమిళంలో ఇప్పటికీ పేకాటను చీట్టాట్టం అనే అంటారు. మరి చీట్లు ముక్కలైతే, పేక అంటే? ఆ ముక్కల కట్ట. అంటే ప్యాక్. "రెండు పేకలు కలిపి పంచు" అంటామే, అక్కడ పేక అంటే ఒక్క ముక్క కాదు, యాభై రెండు ముక్కల కట్ట. కాలం గడిచేకొద్దీ చీట్లు జారిపోయి పేక ఒక్కటే మిగిలింది. అర్థం మరిచిపోయాం కాబట్టి మళ్ళీ దానికి ముక్క తగిలించి పేకముక్క అన్నాం. మగ్గం పేకకు కట్ట అనే అర్థం ఎక్కడా లేదు. అది ఒక్కొక్క పోగుగా పోయేది.

రమ్మీ మాటల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆట అమెరికా వైపు నుంచి వచ్చింది, మాటలూ ఇంగ్లీషువే: షో, డ్రాప్, సీక్వెన్స్, జోకర్. జోకర్ ముక్క 1860ల ప్రాంతంలో అమెరికాలో పుట్టింది, అందుకే దానికి పాత పేరేదీ లేదు. మనవాళ్ళు చేర్చింది ఒక 'లైఫ్' ఉంది. జోకర్ లేకుండా కట్టిన మొదటి వరసను ఫస్ట్ లైఫ్ అంటారు. అది లేకపోతే చేతిలో ఉన్న ముక్కలన్నీ లెక్కకు వస్తాయి కాబట్టి ప్రాణం అన్నారు. చక్కటి మాట. ఫోన్ యాప్‌లు దాన్ని ప్యూర్ సీక్వెన్స్ చేసేశాయి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నేను పైన రాసిన పేర్లు మీ ఊళ్ళో అక్షరం పొల్లుపోకుండా ఇట్లాగే ఉండవు. ఇవి పుస్తకం మాటలు కావు, నోటి మాటలు. ఒక ఊళ్ళో కళావరు, పక్క ఊళ్ళో కలావర్, ఇంకో చోట కలారు. ఏదీ తప్పు కాదు. మీ అబ్బ అన్నదాన్ని దిద్దకండి.

నాకు మాత్రం ఒక సాయం చేయండి. ఈసారి ఆయన పక్కన కూర్చున్నప్పుడు మూడు సంగతులు అడిగి ఇక్కడ రాయండి. ఒకటి, డైమనుకు ఆయన ఇంకో పేరేదైనా విన్నాడా? వాళ్ళ నాయన, తాత నోట 'రూ'తో మొదలయ్యే మాట ఏదైనా ఉండేదా? రెండు, అందరూ వేసిన ముక్కలను గెలిచినవాడు ఎత్తి పెట్టుకుంటాడు కదా, ఆ కుప్పను ఆయన ఏమంటాడు? మా వైపు దీనికి ఊరికో మాట ఉంది, ధర్మవరం మాట నా నోటుబుక్కులో లేదు. మూడు, ఆయనకు ఆట ఎవరు నేర్పారు, ఏ ఊళ్ళో? ఆయన అన్నది అన్నట్టే రాయండి, సాగదీసి పలికితే సాగదీసే రాయండి. ఫోన్లో రికార్డు చేసినా సరే.